పన్ను బతికుందో లేదో

మా వీధిలో దారం తెంచడానికి కత్తెర వెతుక్కునే ఆడదాన్ని బద్ధకస్తురాలి కింద లెక్కేసేవాళ్ళు. దేవుడు ముందు పళ్ళిచ్చింది అందుకేనన్నట్టు ఉండేది మా వ్యవహారం. నేతకు నూలు కండెలు చుట్టేటప్పుడు పోగు తెగితే ఒక కొస పెదాల మధ్య పట్టుకుని, రెండోది దానికి అతికి, మిగిలిన తోకను పుటుక్కున కొరికి ఊసెయ్యాలి. ఇదంతా రెప్పపాటులో అయిపోవాలి. మంగళగిరిలో మా ఇళ్ళల్లో ఆడపిల్లకు నడకా మాటా వచ్చాక తర్వాత వచ్చే విద్య ఇదే.

పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు మా అత్తగారు నన్ను పాట పాడమనలేదు, నాలుగడుగులు నడవమనలేదు. సంచిలోంచి నూలు చిలప తీసి, ఒక పోగు తెంచి నా చేతికిచ్చి అతకమంది. అతికి, కొస కొరికి ఇచ్చాను. ఆవిడ దాన్ని గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో పట్టుకుని చూసి, "అతుకు కనపడట్లేదు" అంది. అంతే, సంబంధం ఖాయమైపోయింది. ఆరోజు ఆవిడ నా మొహం అసలు చూసిందో లేదో నాకిప్పటికీ అనుమానమే.

కాపరానికి పంపేటప్పుడు మా అమ్మ చెప్పిన బుద్ధులు చాలా ఉన్నాయిగాని, అందులో అన్నిటికన్నా పెద్దది ఒకటే. "అత్తారింట్లో ఎవరేమడిగినా బానే ఉందను. కూరలో ఉప్పు లేకపోయినా బానే ఉందను, జరమొచ్చినా బానే ఉందను." నాకసలే నోరెక్కువ. నలుగురన్నదమ్ముల మధ్య పెరిగినదాన్ని, నోరు లేకపోతే నాకు అన్నం కూడా దక్కేది కాదు. ఆ నోటికి తాళం వెయ్యడానికి అమ్మ ఈ మాట నేర్పింది. నేనూ చిలకలా నేర్చుకున్నాను. కొత్తకోడలిగా ఉన్నన్నాళ్ళూ నా నోటెంట వచ్చిన మాటల్లో సగం "బానే ఉంది" అన్నవే.

యుద్ధం రోజులవి. నూలు కంట్రోలులోకి పోయింది. దొరికిన నూలు ముట్టుకుంటే తెగేటంత నాసిగా ఉండేది. గంజి ఎంత పట్టించినా పడుగులో పోగులు ఊరికే తెగేవి. తెగిన పోగు దారికి అడ్డం పడితే నాడె దాన్ని తన్నుకుని పక్కకు ఎగురుతుంది. నాడె అంటే చూడని వాళ్ళకు చెబుతున్నాను. మూరెడు కూడా లేని నున్నటి కర్ర, కడుపులో పేక నూలు కండె, రెండు కొసలా ఇనప ముక్కులు. తాడు లాగితే పడుగు మధ్య నుంచి ఆ చివరికీ ఈ చివరికీ బాణంలా పోతుంటుంది. ఒకరోజు పొద్దున నేను చుట్టిన కండెలు గంపలో పెట్టుకుని మా ఆయన మగ్గం పక్కకు వంగాను. అప్పుడే నాడె ఎగిరింది. ఇనప ముక్కు వచ్చి తిన్నగా నా పై పెదవి మీద తగిలింది.

నోరంతా నెత్తురు. మా ఆయన, కాళ్ళతో చెక్కలు తొక్కుతూ కూర్చునే మగ్గం గుంటలోంచి ఎట్లా బయటికొచ్చాడో తెలియదుగాని, ఆ తొందరలో పడుగు పోగులు చాలా తెంపుకున్నాడని తర్వాత మా మామగారు వారం రోజులు సాధించారు. పసుపు అద్దారు. పెదవి మానింది. ముందు పన్నొకటి మొదట్లో ఊగిసలాడి, తర్వాత తనంతట తనే కుదురుకుంది. హమ్మయ్య అనుకున్నాను. కొన్నాళ్ళకు అద్దంలో చూసుకుంటే ఆ పన్ను రంగు మారుతోంది. పక్క పళ్ళు తెల్లగా ఉన్నాయి, అదొక్కటీ నీళ్ళు కలిపిన సిరా రంగులో ఉంది.

"పన్ను చచ్చింది," అన్నారు మా మామగారు. ఆయన మాటకు మా ఇంట్లోనే కాదు, వీధిలో కూడా ఎదురుండేది కాదు. "చచ్చినదాన్ని ఇంట్లోనే ఉంచుకోం. నోట్లో ఎట్లా ఉంచుకుంటాం? ఆ పంటితో కొరికిన పోగు మగ్గమెక్కితే బట్టంతా మైల. తిరునాళ్ళకు పళ్ళు పీకేవాడొస్తాడు. తీయించెయ్యండి."

ఆయనే మళ్ళీ, "మీ అత్తకు తీయించలా? ఏమైంది?" అన్నారు నాతో.

ఏమైందో ఇంట్లో అందరికీ కనపడుతూనే ఉంది. మా అత్తగారు కొత్తకోడలిగా ఉన్నప్పుడు కాలవ రేవులో కాలుజారి, బిందె అంచు మూతికి తగిలిందట. ఆవిడకూ నాలాగే ముందు పన్ను నల్లబడింది. పెద్దవాళ్ళు ఇదే మాటన్నారు. తిరునాళ్ళలో జనం చూస్తుండగా పీకించారు. అది పోయాక పక్కవి కూడా ఒరిగిపోయి, సందు పెద్దదై, ఆవిడ నవ్వాల్సి వస్తే పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. పోగు కొరకాలంటే పక్క దంతాల మీదికి తిప్పుకునేది. నాకప్పటికి ఇరవై ఏళ్ళు నిండలేదు. ఆవిడ మొహంలో నా మొహం కనపడింది. ఏడుపు కన్నా కోపం ఎక్కువొచ్చింది. నా పన్ను, నా నోరు, మధ్యలో మీ మైలేమిటని అడగాలనిపించింది. అమ్మ నేర్పిన మాటొకటి ఉందిగా, "బానే ఉంది మావయ్యా" అని లోపలికి పోయాను.

అప్పుడు వినిపించింది మా అత్తగారి గొంతు. మామగారి ముందు ఆవిడ గొంతు లేవగా నేను వినడం అదే మొదలు.

"చచ్చిందని ఎవరు చెప్పారు?"

"కళ్ళు కనపళ్ళా? రంగు చూడు."

"మనిషిని పాడె ఎక్కించేముందు కూడా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తారు. పన్నుకు మాత్రం చూడొద్దూ? బతికున్నదాన్ని తీసుకెళ్ళి పూడ్చిపెడతామా?"

మామగారు బిత్తరపోయారు. పన్ను బతికుందో లేదో చూడ్డమేమిటి, దానికి ఊపిరా, నాడా అని ఎగతాళి చేశారు. కాని మా అత్తగారు ఊరికే అనలేదు. బెజవాడలో మా బట్టలు తీసుకునే షావుకారు గారింటికి ఆవిడ చీరల మూట వేసుకుని వెళ్తుండేది. ఆ షావుకారు గారి భార్య చెప్పిందట, గవర్నరుపేటలో రంగూను నుంచి వచ్చిన పళ్ళ డాక్టరొకాయన ఉన్నారని, పన్నులో ప్రాణం ఉందో లేదో పరీక్ష చేసి చెబుతారని. "పరీక్ష చేయించి, చచ్చిందంటే నేనే పీకించుకొస్తా," అంది. అత్త లేని కోడలుత్తమురాలని ఊరికే అంటారుగాని, ఆ పూట నాకు అత్త లేకపోతే పన్ను లేదు.

చీరల మూట నెత్తిన పెట్టుకుని ఆవిడ, ఆవిడ వెనక నేను, పాసింజరు ఎక్కాం. మిలిటరీ బండ్లు పోతుంటే మా బండిని ఎక్కడపడితే అక్కడ ఆపేశారు. కృష్ణ వంతెన మీదికి రాగానే ఆవిడ కిటికీలోంచి దణ్ణం పెట్టుకుని, "నీ పన్ను గురించి కూడా చెప్పుకున్నా," అంది. కృష్ణమ్మకు నా పన్ను సంగతి చెప్పుకున్న మనిషి ఆ రైల్లో ఆవిడొక్కతే అయ్యుంటుంది.

డాక్టరు గారి గది మేడ మీద. ఆయన వయసు మళ్ళిన మనిషి. బర్మాలో బాంబులు పడ్డప్పుడు ఇల్లూ వాకిలీ వదిలేసి, పనిముట్లు మాత్రం వీపున కట్టుకుని వచ్చారట. గదిలో ఎత్తయిన కుర్చీ, పక్కన పన్ను తొలిచే మర, దాని కింద కాలితో తొక్కే చెక్క. మా అత్తగారు ఆ చెక్కను చూడగానే ధైర్యం తెచ్చుకుంది. "ఈయనదీ మగ్గంలాంటి పనేనే," అని నా చెవిలో ఊదింది.

డాక్టరు గారు నా పెదవి పైకెత్తి చూశారు. చిన్న అద్దం వెనక కాడతో పన్ను మీద టక్కు టక్కున కొట్టారు. ఆ తర్వాత మాకు అర్థమయ్యేట్టు చెప్పారు. "పైకి రాయిలా కనపడుతుందిగాని, తాటిముంజెలో నీళ్ళున్నట్టు పన్ను లోపల నెత్తురూ నరమూ ఉంటాయమ్మా. దెబ్బకి లోపలిది చచ్చిపోవచ్చు, చావకపోవచ్చు. రంగు చూసి చెప్పేస్తే పొరపాటు. చల్లదనం తగిలించి అడగాలి. లోపల ప్రాణముంటే తెలుస్తుంది."

అసలైతే ఆయన దగ్గర కరెంటుతో చూసే పెట్టె కూడా ఉందిగాని, దానికి వేసే బ్యాటరీలు యుద్ధం మూలంగా దొరకడం లేదట. అందుకని కింద సోడా కొట్టు నుంచి ఐసు తెప్పించారు. దూదితో నా పళ్ళ తడి తుడిచి, చిన్న పటకారుతో ఐసు ముక్క పట్టుకుని, దెబ్బ తగిలిన పన్నును వదిలేసి దాని పక్కదాని మీద పెట్టారు. మంచి పన్ను ఎట్లా పలుకుతుందో ముందు తెలిస్తేగాని రెండోదాని సంగతి తేలదన్నారు.

ప్రాణం జివ్వుమంది.

"ఏమన్నా తెలిసిందా అమ్మా?"

"బానే ఉందండీ," అన్నాను.

ఆయన ఇంకో పన్ను మీద పెట్టారు. అదీ జివ్వుమంది. "బానే ఉందండీ. మీ చెయ్యి చలవ." మూడోదాని మీద పెట్టారు, నల్లపన్ను మీద పెట్టారు, కింద వరస మీద పెట్టారు. అన్నిటికీ నాది ఒకటే జవాబు. మా అత్తగారి మొహం వెలిగిపోతోంది. "మా కోడలు ఓర్పుగలదండీ. ఏదొచ్చినా పంటిబిగువున భరిస్తుంది," అంది గొప్పగా.

డాక్టరు గారు పటకారు కింద పెట్టేశారు. చేతులు తుడుచుకుంటూ, "అయితే ఈ అమ్మాయి నోట్లో ఒక్క పన్నూ బతికి లేదమ్మా. అన్నీ పీకెయ్యాల్సిందే," అన్నారు.

మా అత్తగారు లేచి నిలబడింది. ఆయన మా ఇద్దరినీ చూసి, నవ్వకుండానే, నా కాలు వైపు చూపించారు. "మరి ఆ కాలు సంగతేమిటి?"

కుర్చీకి కాళ్ళు పెట్టుకునే చెక్క ఉంది. ఐసు తగిలినప్పుడల్లా నా కుడికాలు దాన్ని అదిమి తొక్కుతోందట. పుట్టింట్లో నాన్న పక్కన మగ్గం మీద కూర్చున్న అలవాటు, నోరు దాచినా కాలు దాచలేదు. ఒక్క నల్లపన్ను దగ్గర మాత్రం కాలు కదల్లేదన్నారు. "కాలిని నమ్మి వైద్యం చెయ్యలేనమ్మా. నువ్వు చెప్పాలి. నేనడిగేది నీ ఓర్పు ఎంతని కాదు. చల్లగా తెలిసిందా లేదా అని. నువ్వు మర్యాదకు ఏం లేదంటే నేను నిజంగానే ఏం లేదనుకుని బతికున్న పన్ను పీకేస్తాను."

"ఒసేయ్!" అంది మా అత్తగారు. నన్ను ఒసేయ్ అనడం కూడా అదే మొదలు. "ఉన్నదున్నట్టు చెప్పవే! నీ మర్యాద తగలెయ్యా, పళ్ళన్నీ పోతాయే!"

సరే, నోటికి తాళం తీశాను. తెలిస్తే చెయ్యెత్తమన్నారు. పక్క పన్ను మీద పెట్టారు, ఎత్తాను. ఇటుపక్కదాని మీద పెట్టారు, ఎత్తాను. నల్లపన్ను మీద పెట్టారు, అదీ ఎత్తాను. మళ్ళీ పెట్టారు, మళ్ళీ ఎత్తాను. డాక్టరు గారు పటకారు నా కళ్ళ ముందుకు తెచ్చి చూపించారు. దాని కొసన ఐసు లేదు.

అబద్ధమాడానని నాకు తోచలేదు. అది బతికుండాలని ఎంత గట్టిగా కోరుకున్నానంటే, నిజంగానే చల్లగా తగిలినట్టనిపించింది. డాక్టరు గారికి ఇది కొత్త కాదనుకుంటాను, విసుక్కోలేదు. "కళ్ళు మూసుకో తల్లీ," అన్నారు. మూసుకుంటే రెప్పల సందులోంచి చూస్తానని నాకన్నా బాగా మా అత్తగారికే తెలుసు. ఆవిడే వచ్చి వెనక నిలబడి తన అరచెయ్యి నా కళ్ళ మీద వేసింది. ఆ చెయ్యి గంజి వాసనేసింది. ఆ చీకట్లో ఏది తెలిసిందో దానికే చెయ్యెత్తాను.

నల్లపన్ను పలకలేదు.

చెయ్యి తీశాక నేను అడక్కుండానే కళ్ళ నీళ్ళు కారాయి. డాక్టరు గారు నాతో కాకుండా మా అత్తగారితో చెప్పారు. "ఇవాళ పలకలేదు. అంతమాత్రాన చచ్చిందని నేననను. గట్టిగా దెబ్బతిన్న మనిషి కాసేపు ఉలుకూ పలుకూ లేకుండా పడుండడూ? పన్ను కూడా కొన్నాళ్ళు అట్లా ఉంటుంది. కొన్ని తేరుకుంటాయి, కొన్ని తేరుకోవు. రెండు మూడు నెలలు చూద్దాం. దాంతో పోగులు కొరకనివ్వకండి. పీకని పన్ను ఎప్పుడైనా పీకొచ్చు. పీకిన పన్ను నేను మళ్ళీ పెట్టలేను."

ఇంటికొచ్చాం. మా మామగారు అరుగు మీదే ఉన్నారు. "ఏమన్నాడు?"

"ఇంకా చెప్పలేదు," అంది మా అత్తగారు.

"డాక్టరు చెప్పలేదా?"

"డాక్టరు కాదు, పన్ను."

ఆయన మైల సంగతి మళ్ళీ ఎత్తబోతే, "కోడలు ముందు పళ్ళతో కొరికేది లేదు. కొరక్కపోతే మైలెక్కడిది?" అని ఆ దారీ మూసేసింది. ఇంకేమంటారు, "నెల చూస్తా, రెండు నెలలు చూస్తా" అని గొణుక్కుంటూ చుట్ట వెలిగించుకున్నారు. మా ఆయన ఎవరికీ చెప్పకుండా బజారుకెళ్ళి చిన్న కత్తెర కొనుక్కొచ్చి నా కండెల గంపలో పెట్టాడు. నాడె ఎగిరిన రోజు నుంచి ఆ మనిషి నా మొహంలోకి చూసి మాట్లాడలేదు. ఆ కత్తెరే ఆయన మాట. వీధిలో ఆడవాళ్ళు మాత్రం దొరసానమ్మ కత్తెరతో నూలు పని చేస్తోందని తెగ నవ్వుకున్నారు. నవ్వుకోనీ, వాళ్ళ పళ్ళు వాళ్ళవి.

ఇక మొదలైంది మా అత్తగారి పరీక్ష. పొద్దున్నే నేను మొహం కడుక్కోగానే కుండలో చల్లనీళ్ళు చెంబుతో ఇచ్చి, పుక్కిలి పట్టమని, ఎదురుగా నిలబడేది. "ఏమే, పలికిందా?"

"లేదత్తయ్యా."

"సరే."

మొదట్లో ఒకరోజు ఆవిడ మొహం చూసి జాలేసి, "కొంచెం బానే ఉందత్తయ్యా," అన్నాను. ఆవిడకెంత కోపమొచ్చిందో! "నా దగ్గర బానే ఉందనకు. ఆ మాట ఇంకెవరి దగ్గరన్నా అనుకో. నాకు ఉన్నది చెప్పు," అంది. అది పన్ను గురించే అన్న మాట. కాని మాట ఒకసారి ఇంట్లోకి వచ్చాక ఒక మూలన కూర్చోదు కదా. అన్నం దగ్గర, "చాలా? ఉన్నది చెప్పు" అనేది. నడుం పట్టుకుని కూర్చుంటే, "నొప్పిగా ఉందా? ఉన్నది చెప్పు" అనేది. పుట్టింటికి వెళ్ళాలనుందా అని కూడా అట్లాగే అడిగింది. ఉందని చెప్పాను, పంపింది. కొత్తకోడలు ఉన్నదున్నట్టు చెప్పగలిగిన ఇల్లు ఆ వీధిలో ఇంకోటి ఉండేదని నేననుకోను. ఈ రోజుకీ నేను దేవుడికి దణ్ణం పెట్టుకుంటే, ఆయనిచ్చిన వరాలన్నిటిలో ముందు గుర్తొచ్చేది ఇదే.

మామగారు పెట్టిన నెలలు గడిచిపోతున్నాయి. తిరునాళ్ళు దగ్గరపడ్డాయి. ఆయన ఏమీ అనకుండానే నా వైపు చూసే చూపులో పళ్ళు పీకేవాడు కనపడేవాడు. పన్ను రంగు అట్లాగే ఉంది. నేను ఆశ వదిలేసుకున్నాను, వదిలేసుకుని ముందు పన్ను లేకుండా ఎట్లా మాట్లాడాలో కూడా లోలోపల అలవాటు చేసుకుంటున్నాను. ఎండాకాలం వచ్చింది. ఒకరోజు ఎండలో పడుగు సాగదీసి వచ్చి, దాహమేసి కూజా ఎత్తి నీళ్ళు తాగుతుంటే, ముందు వైపు ఎక్కడో సూదితో తాకినట్టయింది. కూజా చేతిలోనే ఉంది. కదిలితే అది పోతుందేమోనని అట్లాగే నిలబడిపోయాను.

"అత్తయ్యా!"

ఆవిడ పరుగెత్తుకొచ్చింది. నమ్మిందా? లేదు. డాక్టరు గారి దగ్గర ఐసు లేని పటకారుకు చెయ్యెత్తినదాన్ని ఎవరు నమ్ముతారు! నన్ను పీట మీద కూర్చోబెట్టి, ఒక చేత్తో కళ్ళు మూసి, రెండు చెంచాలు తెచ్చింది. ఒకటి కూజాలో ముంచింది, ఒకటి ఊరికే. ఏది పెడుతోందో చెప్పకుండా మార్చి మార్చి పన్నుకు తాకించింది. పూర్తయ్యాక, మర్నాడు బెజవాడ తీసుకెళ్ళాల్సిన చీరల మూట ఆ మధ్యాహ్నమే కట్టేసింది.

ఈసారి డాక్టరు గారికి బ్యాటరీలు దొరికాయి. చెక్కపెట్టె మూత తీసి చూపించారు. లోపల రాగి తీగ చుట్టలు, పైన తిప్పే మర. ఇత్తడి కడ్డీ ఒకటి నా చేత పట్టించి, తీగ కొసను ముందుగా పక్క పన్నుకు తాకించి, మర మెల్లిగా తిప్పారు. చీమ కుట్టినట్టు చిటుక్కుమంది, చెయ్యెత్తాను. ఇక నల్లపన్ను వంతు. చెప్పకముందే మా అత్తగారి చెయ్యి వచ్చి నా కళ్ళ మీద పడింది.

మర తిరుగుతున్న చప్పుడు వినపడుతోంది. ఏమీ లేదు. ఇంకా తిరిగింది. ఏమీ లేదు. పక్క పన్ను అయితే ఎప్పుడో పలికేది. ఎత్తాలని చెయ్యి తహతహలాడుతోంది. ఉన్నది చెప్పాలి, ఉన్నది చెప్పాలి అనుకుంటూ కడ్డీని గట్టిగా పట్టుకున్నాను. అప్పుడు, ఎక్కడో లోతున, చిటుక్కుమంది. చెయ్యి దానంతటదే లేచింది.

ఆయన తీగ మళ్ళీ తాకించారు. ఈసారి మర చప్పుడైనా లోపల ఏమీ తెలియలేదు. నేను చెయ్యెత్తలేదు. కరెంటు ఆపేసి తాకించారట. ఇంకోసారి తాకించారు, చిటుక్కుమంది, ఎత్తాను.

"ఆలస్యంగా పలుకుతోందిగాని పలుకుతోంది," అన్నారు. "ఇది బతికే ఉందమ్మా."

మా అత్తగారి చెయ్యి నా కళ్ళ మీద అట్లాగే ఉండిపోయింది. కాసేపు చూసి, "అత్తయ్యా, చెయ్యి తియ్యండి," అని నేనే అనాల్సి వచ్చింది.

ఆ పన్ను మళ్ళీ పూర్తిగా తెల్లబడలేదు, కాస్త పసుపు తిరిగి ఊరుకుంది. మామగారు దాన్ని చూసినప్పుడల్లా అనుమానంగానే చూసేవారు, కాని మైల మాట మళ్ళీ ఎత్తలేదు. నా పిల్లల పాలపళ్ళు ఊడటం, వాళ్ళ పిల్లలవి ఊడటం కూడా చూశాను. దవడ పళ్ళు ఒక్కొక్కటే నన్ను వదిలి వెళ్ళాయి. ఇది మాత్రం ఇదిగో, ఇది రాస్తుంటే నాలుకకు తగులుతూనే ఉంది. ఇప్పుడు బెంజ్ సర్కిల్లో పళ్ళ డాక్టర్లు కుర్చీ ఎక్కించి గడియలో అన్నీ తేల్చేస్తారు. పరీక్ష మాత్రం అప్పటిదే. చల్లగా తాకిస్తారు, తెలిసిందా అండీ అని అడుగుతారు. ఉన్నది చెబుతాను.

ఆ డాక్టరు గారికి నేనెప్పుడూ సరిగ్గా దణ్ణం కూడా పెట్టలేదు. అప్పట్లో డాక్టరుకు కృతజ్ఞత చెప్పుకోవడం మగవాళ్ళ పనని నాకో అభిప్రాయం. ఇక మా అత్తగారికి ఎంత రుణపడ్డానో అప్పటిదాకా నాకు సగమే తెలుసు. మిగతా సగం ఆరోజు డాక్టరు గారి గదిలోంచి మేము లేచి రాబోతుండగా తెలిసింది.

ఆవిడ మూట ఎత్తుకుని గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి తిరిగింది. పరాయి మగవాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడే మనిషి కాదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది.

"డాక్టరు గారూ, పీకేసిన పన్ను అప్పుడు బతికుందో లేదో ఇప్పుడేమన్నా చెప్పొచ్చాండీ?"

ఆయన ఆవిడ వైపు చూశారు. ఎవరి పన్ను అని అడగలేదు. "ఎన్నాళ్ళయిందమ్మా?"

"నేను దీనంత ఉన్నప్పుడండీ."

"చెప్పలేమమ్మా. పన్ను ఒక్కటే ఉంటే తెలియదు. పన్నుతో పాటు మనిషి కూడా ఉండి, తెలిసిందనో తెలియలేదనో చెప్పాలి."

"పీకేటప్పుడు చాలా నొప్పి పుట్టిందండీ. తిరునాళ్ళలో అంత జనంలోనూ అరిచేశాను."

ఊరట కోసం డాక్టరు గారు ఏదో ఒకటి చెప్పెయ్యొచ్చు. చెప్పలేదు. "చచ్చిన పన్ను పీకినా నొప్పి పుడుతుందమ్మా. దాన్ని బట్టి తేల్చలేం. పీకకముందే అడిగుండాలి."

మా అత్తగారు తలూపింది. మూట ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని, నా భుజం పట్టుకుని ముందుకు నడిపిస్తూ అంది.

"పోన్లెండి. దీన్నన్నా అడిగారు."